కాదను మాట

మన తెలుగున నవల పుట్టి యిప్పటికి 140 ఏండ్లు దాటినవి. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును తమ పత్రికయందు ప్రకటింప మొదలిడిన నాటినుండి నేటివఱకును నవలలు చదువుట మేలా కీడా యను చర్చ ప్రతితరమునను తిరిగి పుట్టుచునే యున్నది. మా తాతగారు మా మేనత్త చేతిలోని నవలను లాగికొనిరట. ఆ మేనత్తయే తన కొమార్తె చేతిలోని వారపత్రికను లాగికొనుట మేము కన్నులార చూచితిమి. ఇప్పుడు మా వంతు వచ్చినది.

డిగ్రీ మూడవయేట చదువుచున్న మా కొమార్తె మొన్నటి వేసవి సెలవులకు ఇల్లు చేరినప్పుడు ఆమె సంచిలో పాఠ్యపుస్తకములకంటె లావైన యింగ్లీషు నవలలు నాలుగైదు కనబడినవి. రాత్రి రెండు జాములు గడచినను ఆమె గదిలో దీపమాఱదు. ఒకనాడు మేమందొక పుస్తకమును తీసి మొదటి పుటలు తిప్పి చూడగా, కొమ్ములుగల మృగరూపమున నున్న మాయావి యొకడు ఒక పేదపిల్లను తన దేశమునకు గొనిపోవుచుండెను. "ఇట్టి చెత్తకా తల్లీ, కన్నులు పాడుచేసికొనుట?" అంటిమి. ఆమె కోపగింపలేదు. "మొత్తము చదివి యా మాట యనుడు, నాన్నగారూ. చదువక గుణదోషములు చెప్పరాదని మీ విద్యార్థులకు మీరే చెప్పుదురుగదా" యని యా పుస్తకమును మా బల్లమీదనే విడిచిపోయినది.

ఉపాధ్యాయుని వాని పాఠముతోనే కొట్టినప్పుడు అతడు చేయగలిగినదేమున్నది? వేసవి యంతయు మేము ప్రణయనవలలును అద్భుతనవలలును చదివితిమి. వానివలన మాకు కలిగిన యభిప్రాయములను, తుదకు మాకు తగిలిన దెబ్బను చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ జాతి పుస్తకములను ఎఱుగనివారికి ముందుగా రెండు మాటలు. ఇంగ్లీషున ప్రణయనవల యనగా ఇరువురి వలపు ప్రధానవస్తువై, తుదకు ఆశాజనకముగ ముగియవలసిన కథ. నాయకుడో నాయికయో మరణించినచో నది మఱియొక జాతి గ్రంథమగునుగాని ప్రణయనవల కాదని పాఠకులు నిష్కర్షగ చెప్పుదురు. అద్భుతనవల యనగా మంత్రములు, మాయలు, డ్రాగనులు మున్నగునవి సహజధర్మములై చెల్లెడి లోకపు కథ. ఇటీవలి పదియేండ్లలో ఈ రెండు పాయలును కలిసి యొక మహాప్రవాహమైనవి. అమెరికా రచయిత్రులైన సారా జె. మాస్ 2015లో ప్రకటించిన "ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్", రెబెకా యారోస్ 2023లో ప్రకటించిన "ఫోర్త్ వింగ్" అను గ్రంథములను, వాని తరువాయి భాగములను నానాదేశముల యువతులు చదువుచున్నారు. ఈ రెండు పాయలు కలిసిన రచనకు రొమాంటసీ యని పేరు కూడ స్థిరపడినది.

పెద్దలు వీనిపై మోపు నేరములు మూడు. ఇవి యబద్ధములనుట మొదటిది. బ్రహ్మదేవుడు సరస్వతికి చెప్పిన కథ భూమిపై నిజమై నడచుటను పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమున చదివి మెచ్చుకొనిన మనము డ్రాగనును చూచి ముఖము చిట్లించుట తగదు. ఇవి కామోద్దీపకములనుట రెండవది. ఇందు కొంత నిజమున్నది. ఈ నవలలలో కొన్ని పుటలు స్త్రీపురుషుల యేకాంతమును దాపఱికము లేక వర్ణించును. పదునాలుగేండ్ల పిల్లకు వానినీయరాదు. కాని ఓటుహక్కుగల యువతికి పుటలు తిప్పు హక్కు లేదనుట హాస్యాస్పదము. అదియునుగాక, ప్రబంధములను తరగతిలో పాఠముగ చెప్పి జీతము తీసికొనుచున్న మావంటివారు ఈ విషయమున ధర్మాసనమెక్కుట కొంచెము కష్టము. కాలము వ్యర్థమగుననుట మూడవది. సాయంకాలము మొదలు నిదురవేళవఱకు క్రికెట్టు చూచెడి గృహస్థులు ఈ నేరము మోపకుండుట మేలు.

ఈ మూడింటిని త్రోసివేసినపిమ్మట నిలిచెడి ప్రశ్న యొకటి కలదు. ఈ కథలలో కాదను మాటకు ఎంత బలమున్నది? నాయిక యొల్లననినప్పుడు కథ ఆగి యా మాట వినునా? లేక దానిని దాటవలసిన యడ్డుగోడగ మాత్రమెంచి ముందునకు సాగునా? వలపుకథయొక్క మంచిచెడ్డలు ఈ గీటురాతిపైననే తేలునని మాకు తోచినది. కాదనుటకు వీలున్నచోటనేగదా ఔననుటకు విలువ.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మృగమును వలచిన సుందరి కథ యూరపుఖండమున సుప్రసిద్ధము. దానిని మదాం ద బోమోన్ అను ఫ్రెంచి విదుషి 1756లో బాలికల కొఱకు కుదించి వ్రాసినది. తండ్రి చేసిన తప్పునకు బదులుగ ఆ సుందరి మృగముయొక్క కోటకు వచ్చినదనుట నిజమే. కాని ఆ మృగము ప్రతిరాత్రియు ఆమెను నన్ను పెండ్లాడుదువా యని యడుగును, ఆమె కాదనును, అది నిట్టూర్చి వెడలిపోవును. మఱునాడు మరల అడుగును; మరల అదియే యుత్తరము. జబ్బుపడిన తండ్రిని చూచి వత్తునని యామె వేడగా పంపివేయును. బలము గలది మృగము. అయినను మాట చెల్లినది ఆమెది. ఇంగ్లండున రిచర్డ్‌సన్ 1740లో వ్రాసిన "పామెలా" త్రోవ వేఱు. అందు యజమాని తన యింటి పనిపిల్లను పల్లెటూరి భవనమున నిర్బంధించి వేధించును. ఆమె లొంగకపోగా తుదకు పెండ్లాడును. గ్రంథకర్త దీనిని శీలమునకు దక్కిన బహుమానమనెను. తాళము వేసినవానినే బహుమానముగ నిచ్చుట! ఈ రెండు త్రోవలును నేటివఱకు ప్రణయకథలో ప్రక్కప్రక్కనే నడచుచున్నవి.

ఇక మా కొమార్తె బల్లమీద విడిచిన పుస్తకమునకు వత్తము. ఆకలిగొన్న కుటుంబమును పోషించుటకు వేటాడెడి ఫేరా యను పిల్ల అడవిలో ఒక తోడేలును చంపును. అది మాయాజాతివాడట. ప్రాణమునకు ప్రాణమని టామ్లిన్ అను ప్రభువు మృగరూపమున వచ్చి యామెను తన దేశమునకు గొనిపోవును. అతనిని పట్టిన శాపము మనుష్యకన్య ప్రేమవలనగాని వీడదు. ఆమె యతనిని వలచి, అతనికై ప్రాణముల నొడ్డి, శాపము విడిపించును. ఇంతవఱకు చదివి, ఇది పాత సీసాలోని పాత మందేయని మేము పెదవి విఱిచితిమి.

కాని 2016లో వచ్చిన రెండవ భాగము మమ్ములను ఆశ్చర్యపఱచినది. మొదటి భాగమున నాయకుడైన టామ్లిన్, శత్రుభయముచే ఫేరాను ఇల్లు కదలనీయడు. ఆమెకు పనిలేదు, ఆలోచనలో పాలు లేదు. ఆమె వలదని యెంత మొఱపెట్టినను వినక, తుదకొకనాడు ఆమె గడప దాటకుండ మంత్రముతో భవనమును బంధించి తాను వెడలిపోవును. ఆమె లోపల ఊపిరాడక విలవిలలాడును. అతడు దుష్టుడు కాడు. ఆమెను ప్రేమించుచునే యున్నాడు. అదియే యిచట గ్రహింపదగిన విషయము. మొదటి పుస్తకమున ఏ రక్షణమును చూచి పాఠకురాలు మురిసిపోయినదో, ఆ రక్షణమే రెండవ పుస్తకమున కారాగారమైనది. తాను కట్టిన వలపుమేడను తానే పడగొట్టి చూపుటకు రచయిత్రికి ధైర్యము కావలెను. దీనిని మేము మనసార మెచ్చుచున్నాము.

మెచ్చుకొనలేని భాగమును కూడ చెప్పవలెను. ఆమె పిమ్మట వలచిన రైసాండ్ అనువాడు మొదటి భాగమున ఆమెకు మత్తుమద్యము త్రాగించి, శత్రురాణి సభలో రాత్రుల నాట్యమాడించును. అది యంతయు ఆమె మేలుకోరి చేసినదే, రాణికి అనుమానము రాకుండుటకే, యని రెండవ భాగమున వివరణము వచ్చును. వివరణము రాగానే అపరాధము కరగిపోవును. ఇది చదువునప్పుడు మాకు శకుంతల జ్ఞప్తికి వచ్చినది. మహాభారతమున దుష్యంతుడు అన్నియు ఎఱిగియుండియు, లోకాపవాదమునకు వెఱచి, నిండుసభలో శకుంతలను ఎఱుగననును. ఆమె తలవంచక వాదించును. కాళిదాసు దూర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించి రాజును నిర్దోషిని చేసెను. నాటకము మిక్కిలి మనోహరమైనది; రాజు మిక్కిలి యోగ్యుడైనాడు. కాని సభలో నిలిచి ధర్మమడిగిన యా స్త్రీకి జరిగిన యన్యాయము ఒక మతిమఱపుగ మాఱిపోయినది. నాయకుని క్షమింపదలచిన కవికి శాపమో, రహస్యమో, గుప్తమైన సదుద్దేశమో యెప్పుడును దొరకుచునే యుండును. బాధపడినదాని బాధ మాత్రము తగ్గదు.

ఈ మాట మా కొమార్తెతో ననగా ఆమె కొంతసేపు ఆలోచించి యిట్లు చెప్పినది: "అది నిజమే. కాని మేమట్టి మనుష్యుని కోరి చదువుచున్నామనుకొనకుడు. పుస్తకములో ఎంత భయంకరుడైనను అతని మనస్సులోనిది తుదకు తెలియును, కథ మంచిగ ముగియునని ముందే తెలియును. బయట ఆ రెండును తెలియవు. భయమును భయములేనిచోట చూచుకొనుటకే చదువుదుము." మేమిట్టి సమాధానము ఏ సాహిత్యవిమర్శయందును ఇంత తేటగ చదివినట్లు జ్ఞాపకము లేదు. సుఖాంతము పాఠకురాలి బుద్ధిని నిద్రపుచ్చునని మేమనుకొనియుంటిమి. తుద నెఱిగినది గావుననే ఆమె నడుమనున్న ప్రమాదమును నిదానముగ పరికింపగలుగుచున్నది. అయినను పరికించునది గ్రంథమున స్పష్టముగ నుండవలెను. దెబ్బను దెబ్బయనియే చెప్పవలెను.

అట్లు చెప్పిన నవల కొలీన్ హూవర్ 2016లో ప్రకటించిన "ఇట్ ఎండ్స్ విత్ అస్". అందు మంత్రములు లేవు. బోస్టను నగరమున పూలదుకాణము నడుపు లిలీ యను యువతి, చక్కనివాడును చదివినవాడునైన శస్త్రవైద్యుని వలచి పెండ్లాడును. అతడు కొట్టును, పశ్చాత్తాపపడును, మరల కొట్టును. అతని కోపమునకు చిన్ననాటి ఘోరదుఃఖము కారణమని రచయిత్రి చెప్పును. కాని కారణము చెప్పుటతో తీర్పు మార్చదు. ఆడుబిడ్డ పుట్టినపిమ్మట లిలీ యతనిని ఒక్కటే యడుగును: రేపు ఈ పిల్ల వచ్చి భర్త కొట్టినాడని నీతో చెప్పినచో దీనికేమని చెప్పుదువు? అతడు తన బిడ్డను చూచి, తన భార్య తన్ను విడుచుట న్యాయమని గ్రహించును. ఈ నవలయందు శైలి మాకు అంతగా రుచింపలేదు. అయినను కాదను మాట తుదవఱకు నిలిచిన కథ యగుటచే, దీనిని చదివిన యాడుబిడ్డలు చెడిపోవుదురనువారితో మేమేకీభవింపజాలము.

వేసవిలో చదివినవానిలోనెల్ల మాకు మిక్కిలి నచ్చినది నయోమీ నోవిక్ 2018లో ప్రకటించిన "స్పిన్నింగ్ సిల్వర్". వడ్డీకిచ్చి వసూలు చేసికొనలేని మెత్తని యూదుగృహస్థుని కూతురు మిర్యెమ్. ఆమె తండ్రి పనిని తాను చేపట్టి, వెండిని బంగారము చేయగలనని యొకనాడు గొప్పలు చెప్పుకొనును. శీతలోకపు రాజు ఆ మాట విని, మూడు పరీక్షలు పెట్టి, తన వాగ్దానమునకు తానే చిక్కి, ఆమెను రాణిగ గొనిపోవును. ఇరువురికిని ఇష్టములేని పెండ్లి. మిర్యెమ్ ఏడ్చి కూర్చుండదు. భార్యగ తనకుగల హక్కులను వదలుకొనుటకు బదులు ప్రతిరాత్రియు తాను వేసెడి కొన్ని ప్రశ్నలకు అతడుత్తరమీయవలెనని బేరమాడును. ఇచ్చినమాట, తీర్చినఋణము అను రెండింటిచుట్టును కథ తిరుగును. అంతయు ముగిసి ఆమె స్వతంత్రురాలై పుట్టింట నున్నప్పుడు ఆ రాజు మరల వచ్చును. ఈసారి గొనిపోవుటకు కాదు, ఆమెవారి యాచారము ననుసరించి యడుగుటకు. ఎవరికిని చెప్పని తన పేరును పెండ్లి యొడంబడిక పత్రముపై వ్రాయును. అడుగుట నేర్చికొనిన రాజు కథ యిది.

ఇంతవఱకు వ్రాసి, వలపున కాదను మాటను మన్నించుట పురుషధర్మమని రెండు వాక్యములు చేర్చి వ్యాసమును ముగించి, మా కొమార్తెకు చదువనిచ్చితిమి. ఆమె శ్రద్ధగ చదివి, "బాగున్నది, నాన్నగారూ. కాని వాండా యెక్కడ?" అనినది.

చదువరులకు వాండాను పరిచయము చేయలేదు, మేము విడిచిపెట్టితిమి. ఆ నవలలోనే ఆమెయును ముఖ్యురాలు. పేదరైతు కూతురు, త్రాగుబోతు తండ్రిచేత దెబ్బలు తినెడి పిల్ల. తండ్రి తన స్వార్థమునకై యొక సంబంధము కుదిర్చి తెచ్చినప్పుడు ఆమె కాదనును. ఆ యింట ఆ మాట అంతకుముందు ఎన్నడును వినబడలేదు. తండ్రి యామెను చంపబోవును. మృగములను, మాయావులను, శీతరాజును ఇంత సావధానముగ విచారించిన మాకు ఆ తండ్రి యేల స్ఫురింపలేదు?

మా కొమార్తె యింకేమియు ననలేదు. అనవలసిన పనియు లేదు. సంక్రాంతినాడు మా పెద్దబావగారు ఆమెకొక సంబంధము తెచ్చిరి. మంచి కుటుంబము. కట్నమడుగలేదు. పెండ్లియైనపిమ్మట పైచదువు చదివింతుమనిరి. సంస్కారవంతులమని పేరుపడిన మాకు ఇంతకంటె కావలసినదేమని పొంగిపోయితిమి. పెండ్లిచూపులైన సాయంకాలమే అమ్మాయి వంటయింట తల్లితో తనకిష్టము లేదని చెప్పినది. మఱునాడు మాతోను చెప్పినది. "చూడగ చూడగ నచ్చునులే, తల్లీ" యంటిమి. బావగారితో మాత్రము "పిల్ల సిగ్గుపడుచున్నది, పరీక్షలు కానిండు" అని చెప్పితిమి. నాలుగు నెలలుగా ఆ సంబంధమట్లే వ్రేలాడుచున్నది. మేము కొట్టలేదు, తిట్టలేదు, గదిలో పెట్టి తాళము వేయలేదు. ఆ పిల్ల చెప్పిన మాటను సిగ్గని పేరు పెట్టి ప్రక్కన పెట్టితిమి, అంతే.

జేన్ ఆస్టిన్ 1813లో ప్రకటించిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" నవలను మేము తరగతిలో పలుమాఱులు చెప్పితిమి. అందు కాలిన్సను మతాధికారి ఎలిజబెత్తును పెండ్లికడుగును. ఆమె కాదన్నకొలది అది గౌరవస్త్రీల మర్యాదయే యనుకొని సంతోషించును. ఎన్నివిధముల చెప్పినను అతని చెవికెక్కదు. ఈ ఘట్టమునకు పిల్లలు విరగబడి నవ్వుదురు. వారితోపాటు మేమును నవ్వుదుము. అదే నవలలో డార్సీ మాత్రము, గర్వియయ్యును, కాదనిపించుకొనిన పిమ్మట తన్ను తాను దిద్దుకొనును. రెండవమాఱు అడుగునప్పుడు ఆమె మనస్సు మాఱనియెడల ఒక్కమాట చాలు, మరల ఎన్నడును ఆ ప్రసంగమెత్తనని చెప్పును. ఈ భేదమును నల్లబల్లపై రెండు వరుసలుగ వ్రాసి బోధించిన మేము, మా యింట కాలిన్సు వరుసలో నిలిచియుంటిమి. పెండ్లికొడుకు కాలిన్సు కావచ్చును, తండ్రియు కాలిన్సు కావచ్చునని మాకేల తోచలేదు?

మంచితనమే మా కన్నులకు గంతకట్టినదని యిప్పుడనుకొనుచున్నాము. క్రూరుడైన తండ్రిని పుస్తకమున చూచి, మేమట్టివారము కామని తృప్తిపడి పుట తిప్పితిమి. కట్నము లేదు, చదువు మానిపింపము, వయస్సు వచ్చినది: సంస్కర్తలు పోరాడి సాధించినవన్నియు లెక్కవేసికొంటిమి. ఆ సంస్కరణములన్నియు దేనికొఱకో ఆ యొక్కటి, పిల్లయొక్క మనస్సు, లెక్కలో పడలేదు. టామ్లిన్ సైతము ప్రేమతోడనేగదా భవనమును బంధించినది.

ఆ సాయంకాలమే బావగారికి ఫోను చేసి, అమ్మాయికిష్టము లేదనియు, ఆ మాట సంక్రాంతినాడే చెప్పినదనియు, దాచిన తప్పు మాదేయనియు చెప్పితిమి. ఇరువది రెండేండ్లుగ మా యింటికి పెద్దదిక్కైన మనిషి "పిల్లల మాటకు సంబంధములు త్రోసివేయుట మీ పుస్తకముల చదువా?" అని ఫోను పెట్టివేసిరి. ఇప్పటికిని మాటలాడుట లేదు. పెండ్లికొడుకు తల్లిదండ్రులు మాత్రము, ముందే చెప్పియుండిన బాగుండెడిదనిరి. వారు చెప్పినది న్యాయము. నాలుగు నెలలు వారికిని వృథా చేసితిమి.

మా కొమార్తెతో ఆ సంగతి చెప్పగా తల యూపినది. ఆ రాత్రి ఆమె గదిలో దీపము పదిగంటలకే ఆఱినది. ఇన్నినాళ్లు ఆమెను మేలుకొలిపినవి నవలలే యని మేము తలచియుంటిమి.

కావున చదువరులారా, మీ యింటి పిల్ల చేత ఇట్టి పుస్తకము కనబడినయెడల లాగికొనకుడు. వీలున్నచో మీరును చదువుడు. అందు దెబ్బను ప్రేమయనిన చోట్లున్నచో ఆమెతో వాదింపుడు. ఆమెయు మీతో వాదించును, కొన్నిమాఱులు గెలుచును. నవల పిల్లకేమి నేర్పుచున్నదని యడుగుట మంచిదే. అడుగుటకు ముందు, ఆ పిల్ల మనతో ఇదివఱకు చెప్పిన మాట ఏదైన మనయొద్ద వినబడక మిగిలియున్నదేమో యొక్కమాఱు చూచుకొందము.